పౌడరక్క నోరు మూసిన రోజు

ఆ వీధిలో ఎవరి మొహం ఎలా ఉండాలన్న విషయంలో చివరి మాట పౌడరక్కది. దేవుడు ముడిసరుకు పంపి చేతులు దులుపుకుంటాడనీ, దాన్ని మనిషి మొహంగా మార్చే చాకిరీ అంతా తన నెత్తిన పడిందనీ ఆవిడ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరైనా శంకిస్తే వాళ్ళ కనుబొమల్లో ఒకటి కుదురుగానూ, రెండోది ఏదో వినకూడనిది విన్నట్టు పైకి లేచీ తేలేవి. అందుకని వీధిలో ఎవరూ శంకించేవారు కాదు.

దర్జీ కొట్టుకీ సైకిళ్ళ మరమ్మతు కొట్టుకీ మధ్య ఒకే ఒక్క గది ఆవిడ పార్లర్. రెండు అద్దాలు, ఎడమవైపుకి ఒరిగిపోయే తిరుగుడు కుర్చీ, జుట్టు ఆరబెట్టే మిషను. ఆ మిషను ఆన్ చేస్తే దర్జీ కొట్టులో దీపం గుడ్డిదైపోయేదనీ, ఆయన ఆ వెలుతురులో కుట్టిన చొక్కాలకి చేతులు మెడ దగ్గర మొలిచేవనీ సైకిళ్ళ మేస్త్రీ ప్రచారం చేశాడు. పౌడరక్క ప్రచారాల ముందు అది దిగదుడుపే. ఆవిడ ముస్తాబు చేసిన ఓ పెళ్లికూతుర్ని పట్టుకుని పెళ్లికొడుకు, "ఏవండీ, మా పెళ్లికూతురు ఇటుగా వచ్చిందా?" అని అడిగాడట. ఓ ముసలమ్మ మొహానికి క్రీము రాసి పంపితే బస్సు కండక్టరు అర టిక్కెట్టు కొట్టాడట. వినేవాళ్ళు నవ్వితే ఆవిడ ఏమీ అనుకునేది కాదు. "ఇవాళ సగం నమ్మండి చాలు. మిగతా సగం వచ్చే నెల కనుబొమలకి వచ్చినప్పుడు నమ్ముదురుగాని" అనేది.

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అనేవారు. అది అన్యాయం. ఆ నోట్లోకి నువ్వుగింజ దూరడానికి సందు దొరికితే కదా నానడానికి!

పార్లర్ వెనకగదిలో చెల్లెలి కాపురం. చెల్లెలు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ బల్ల దగ్గర పనిచేస్తుంది. మరిది లారీల్లోంచి బస్తాలు దించుతాడు. అక్క నోటికి వచ్చిన మాటలన్నీ పోగా మిగిలినవే చెల్లెలికి వచ్చాయేమో, రోజుకి పట్టుమని పది మాటలు మాట్లాడేది కాదు. పౌడరక్కకి పిల్లల్లేరు. చెల్లెలికి పుట్టిన ఆడపిల్లే ఇద్దరికీ పిల్ల.

ఆ పిల్ల పై పెదవి మధ్యలో చీలికతో పుట్టింది. అంగిలి కూడా చీలి ఉంది. నోటికీ ముక్కుకీ మధ్య ఉండాల్సిన కప్పు మధ్యలో తెరుచుకుని ఉందన్నమాట. పాలు పడితే సగం ముక్కులోంచి బుడగలు బుడగలుగా బయటికొచ్చేవి. తండ్రి రెండ్రోజులు దిగాలుగా కూచుని, మూడో రోజు పిల్లకి 'బుడగ' అని పేరు పెట్టి, భుజాన వేసుకుని వీధంతా తిప్పాడు.

అప్పటికి ఆ ఊళ్ళో పేదపిల్లలందరికీ ఆరోగ్య కార్డులొచ్చాయి. సర్కారు ఓ బీమా కంపెనీకి డబ్బు కడుతుంది. పిల్లకి జబ్బు చేస్తే కంపెనీ ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం చేయిస్తుంది. ఆ కార్డుని పౌడరక్క పొగిడినట్టు కార్డు కనిపెట్టినవాడి కన్నతల్లి కూడా పొగిడి ఉండదు. పొగడటానికి కారణమూ ఉంది. దర్జీ కొడుక్కి కడుపునొప్పి ముదిరి ప్రాణం మీదికొస్తే కార్డు చూపించగానే చల్లటి గదిలో పడుకోబెట్టి ఆపరేషన్ చేసి పంపారు. బుడగ పెదవి కూడా నాలుగో నెలలో ఆ కార్డు మీదే కుట్టారు. సన్నటి గీత తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంక పౌడరక్కని పట్టుకోగలిగినవాళ్ళు లేరు. కుట్టకముందు ఫోటో, కుట్టాక ఫోటో రెండూ పెళ్లికూతుళ్ళ ఫోటోల మధ్య గోడకి కొట్టింది. కుట్టింది ఎవరో అడిగితే డాక్టరు పేరు నసిగి, "ఎలా కుట్టాలో పక్కనుండి చెప్పింది నేనేలెండి" అని గట్టిగా చెప్పేది.

ఆ ఆసుపత్రి డాక్టరు పంపేటప్పుడు ఒక మాట చెప్పాడు. పెదవి సగం పనే. ఏడాది దాటేసరికి, మాటలు రాకముందే, అంగిలి కూడా మూయాలి. దానికి కంపెనీ మళ్ళీ ఒప్పుకోవాలి.

*

ఒప్పుకునే ముందు కంపెనీ విచారణకి ఒకాయన్ని పంపింది. ఎండలో నడిచొచ్చిన మనిషి, మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫోను. చెల్లెలు ఫ్యాక్టరీకీ, మరిది లారీల దగ్గరికీ వెళ్ళారు. దొరికింది పౌడరక్క.

"మీరేనా అమ్మా పిల్ల పెద్దమ్మ?"

"పెద్దమ్మంటే పెద్దమ్మ, అమ్మంటే అమ్మ. ముందు కూచో బాబూ, మొహం చూడు ఎలా వాడిపోయిందో! పెళ్లయిందా?"

"లేదండీ. నేను ఆపరేషన్ గురించి..."

"ఈ మొహంతో తిరిగితే ఎలా అవుతుంది? కూచో, కూచో."

ఆయన్ని ఒరిగే కుర్చీలో కూలేసి, కళ్ళ మీద తడి దూది పెట్టి, మొహం నిండా క్రీము మెత్తింది. మొహానికి క్రీము పట్టించుకున్న మనిషి అడ్డు చెప్పలేడు. అదే ఆవిడకి కావాల్సింది. కంపెనీని మెచ్చుకుంటే కంపెనీ మురిసిపోయి రెండో ఆపరేషన్ వెంటనే చేయిస్తుందని ఆవిడ లెక్క. పార్లర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసిన సూత్రం అది. ఎవరినైనా పొగిడితే వాళ్ళు మళ్ళీ వస్తారు.

"మీ కంపెనీ చల్లగా ఉండాలి నాయనా. దాని పెదవి చూశావా గోడ మీద? పువ్వులా తీర్చారు! నా చేత కాని అందం మీరు తెచ్చారంటే మామూలు విషయమా? ఇప్పుడు రెండోది కూడా చేశారనుకో, దాని అందానికి తిరుగుండదు. సినిమావాళ్ళు గుమ్మం ముందు వరస కడతారు."

"అంటే..." క్రీము కిందనుంచి ఆయన గొంతు. "ఇది అందం కోసమేనంటారా?"

"మరి దేనికి బాబూ! ఆడపిల్లకి అందం కాక ఇంకేం కావాలి!"

పోలీసువాడు చెయ్యెత్తకముందే, చెయ్యని నేరం ఒప్పుకుని, పైగా ఆయన మొహం ఉచితంగా తళతళలాడించి పంపిన మనిషి చరిత్రలో పౌడరక్క ఒక్కతే అయి ఉంటుంది. ఆయన కృతజ్ఞతలు చెప్పి, గోడ మీద ఫోటోలకి ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం చెల్లెలి ఫోన్‌కి కబురొచ్చింది. ఇది సౌందర్య చికిత్స. సౌందర్య చికిత్సలకి కార్డు వర్తించదు.

చెల్లెలు ఆ వాక్యాన్ని భర్త చేత చదివించుకుని పార్లర్‌లోకి వచ్చింది. కుర్చీలో సైకిళ్ళ మేస్త్రీ భార్య, సగం జుట్టు రంగులో, సగం జుట్టు దారిలో.

"అక్కా, ఆయనకి ఏం చెప్పావు?"

"ఏం చెప్తానే! బాగానే చెప్పాను. పొగిడాను."

"ఏమని?"

పౌడరక్క చెప్పడం మొదలుపెట్టి, సగంలో తన మాటలు తనకే వినిపించి, చేతిలో బ్రష్షు పైకెత్తినట్టే ఆగిపోయింది. ఆవిడ ఒక వాక్యం మధ్యలో ఆగిపోవడం వీధి అంతవరకు ఎరగదు. దర్జీ ఏమయిందోనని లోపలికి తొంగిచూశాడు.

"దాని నోట్లోంచి పాలు ముక్కులోకి పోతున్నాయని చెప్పలేదా?" అంది చెల్లెలు.

"...చెప్పలేదే."

"రాత్రుళ్ళు చెవి పట్టుకుని ఏడుస్తుందని?"

పౌడరక్క తల అడ్డంగా ఊపింది.

"సినిమావాళ్ళు వస్తారని చెప్పావు." చెల్లెలు అరవలేదు. అరిస్తే బాగుండేది. వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు మేస్త్రీ భార్య జుట్టు ఒకవైపు నలుపు, ఒకవైపు నారింజ రంగులో తేలింది. ఆవిడ కూడా కిక్కురుమనకుండా లేచి ఇంటికెళ్ళిపోయింది.

*

మర్నాడు పౌడరక్క కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. గాజు తలుపులు, నీళ్ళు కారే గోడ, మెత్తటి సోఫాలు. మేనేజరు మర్యాదస్తుడే. కూచోమన్నాడు, మంచినీళ్ళిప్పించాడు.

"మీరు చెప్పినదే మావాళ్ళు రాశారమ్మా. అందం కోసమని మీ నోటితో మీరే అన్నారు."

"అన్నది నా నోరు సార్. చీలింది పిల్ల నోరు. ఒక నోరు చేసిన తప్పుకి ఇంకో నోటికి శిక్షేంటండీ?"

ఆయన నవ్వాపుకుని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "నాకర్థమైందమ్మా. కానీ మాది కంపెనీ. దేనికి ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదని ఒప్పందం ఉంటుంది. ఒకసారి కాదన్న కేసు మళ్ళీ తెరవాలంటే వచ్చే ఏడాదే."

"వచ్చే ఏడాదికి దానికి మాటలొచ్చేస్తాయి కదా!"

"రావాలనే కోరుకుందాం" అన్నాడాయన. నిజంగా మంచి ఉద్దేశంతోనే అన్నాడు. అందుకే పౌడరక్కకి తిట్టడానికి కూడా ఏమీ దొరకలేదు. ఏళ్ళ తరబడి ఊరందరినీ కూచోబెట్టి గెలిచిన మనిషి, మొదటిసారి తానే మెత్తటి కుర్చీలో కూచుని ఓడిపోయి వచ్చింది.

ఇక మిగిలింది పిల్లల సర్కారు ఆసుపత్రి. దాని గురించి ఆవిడ పార్లర్‌లో చెయ్యని వేళాకోళం లేదు. అక్కడికి ఒక జబ్బుతో వెళ్తే ఇంకో రెండు ఉచితంగా ఇస్తారనీ, అక్కడి గడియారాలు కూడా వరసలో నిలబడి కదులుతాయనీ అనేది. అలాంటి చోటికి పిల్లనెత్తుకుని చెల్లెలి వెనక తలొంచుకుని నడవాల్సొచ్చింది.

వరసలో నిలబడి నిలబడి తల ప్రాణం తోకకొచ్చింది కానీ లోపల డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. పొట్టి మనిషి, పక్కన చల్లారిపోయిన టీ. టార్చి వేసి బుడగ నోరంతా చూసింది.

"మాటలు గట్టిపడే లోపు మూయాలి. గాలి నోట్లో నిలబడితేనే ప, బ పలుకుతాయి. దీనికి గాలంతా ముక్కులోంచి పోతోంది. ఆలస్యమైతే అలవాటైపోతుంది. అలవాటయ్యాక మాన్పించడం కష్టం. చెవులు కూడా దెబ్బతింటాయి."

"మరి మూసెయ్యండి డాక్టరమ్మా!" అంది పౌడరక్క.

"నేను మూయగలను. ఈ ఆపరేషన్లు బోలెడు చేశాను. రండి."

మెట్లెక్కించి ఓ తలుపు ముందు నిలబెట్టింది. తలుపుకి తాళం. పైన గుండ్రటి గాజులోంచి చూస్తే ఆపరేషన్ బల్ల, దాని పైన పెద్ద దీపం, చుట్టూ నేల నుంచి నడుమెత్తు దాకా అట్టపెట్టెలు. పెట్టెల మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. అన్నీ ఆరోగ్య కార్డు ప్రచారానికి అచ్చేసిన కరపత్రాలు.

"కార్డులొచ్చాయి కదా, పిల్లల ఆపరేషన్లు ఇక్కడెందుకన్నారు. మత్తిచ్చే డాక్టర్ని ఇంకో ఊరు పంపారు. పిల్లలకి మత్తివ్వడం అందరికీ చేతకాదు. ఆయన లేకుండా నేను కత్తి ముట్టను."

"ఎవరు పంపారు?"

"ఊరి కమిషనరు. ఈ ఆసుపత్రి ఆయన చేతికిందిదే, ఆయనే వెనక్కి పంపాలి. రెండుసార్లు అడిగాను. కార్డుంది కదా అన్నారు."

కిందికి దిగుతుంటే వరండాలో బల్లల మీద తల్లులు కూచుని ఉన్నారు. అందరి ఒళ్ళోనూ అంగిలి చీలిన పిల్లలే. పాలు పొలమారకుండా చెంచాతో ఎలా పట్టాలో నేర్పించుకోడానికి వారానికోసారి వస్తారట. ఒకావిడకి కవలలు. ఇద్దరినీ ఎత్తుకోవడంతో ఆవిడ జుట్టు పక్షిగూడులా చిక్కుపడిపోయింది.

పౌడరక్క ఆగింది. సంచీలోంచి దువ్వెన తీసింది.

"ఏమ్మా, ఇలా తిరుగు. ఈ జుట్టు చూస్తూ నేను బస్సెక్కలేను."

ఎదుటివాళ్ళ జుట్టు చేతిలో ఉన్నంతసేపూ వాళ్ళు అబద్ధమాడరని ఆవిడ సిద్ధాంతం. అప్పటిదాకా ఆ సిద్ధాంతం ఊళ్ళో కబుర్లు లాగడానికే పనికొచ్చింది. ఆ పూట వరండా అంతా వరసగా జడలు వేస్తూ పోయింది. మాట్లాడలేదు. విన్నది. కవలల తల్లికి కంపెనీ ఒక్క పిల్లకే ఒప్పుకుందట. ఇంకో ఆవిడ పిల్లకి చీలిక పుట్టుకతోనే ఉంది కాబట్టి, కార్డు తర్వాత వచ్చింది కాబట్టి చెల్లదన్నారట. మూడో ఆవిడకి ఒప్పుకున్నారు కానీ ఆ ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఒకరోజు ప్రయాణమంత దూరం. వెళ్తే కూలి పోతుంది, ఇంట్లో ఇంకో ముగ్గురు.

"నువ్వింతసేపు ఊరుకున్నావేంటక్కా, ఒంట్లో బాలేదా?" అంది చెల్లెలు దారిలో. కబురొచ్చిన రోజు నుంచీ ఆవిడ అక్కతో అన్న మొదటి మాట అది.

*

కమిషనరు వారానికోసారి జనం మొర వింటాడు. పెద్ద హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద ఒక బల్ల. ఆరోగ్యం సంగతులుంటాయి కాబట్టి ఆయన పక్కన కంపెనీ మేనేజరు కూడా కూచుంటాడు. తల్లులంతా కలిసి వెళ్దామని పౌడరక్క అంది. అందరూ సరేనన్నారు. చెల్లెలు మాత్రం షరతు పెట్టింది.

"అక్కడ నువ్వు మాట్లాడకూడదు."

"నేను మాట్లాడకపోతే ఎవరే మాట్లాడేది? నువ్వా?"

"ఎవరో ఒకరు. నువ్వు నోరెత్తితే నేను పిల్లని తీసుకుని ఇంటికొచ్చేస్తా."

"వదినా, ఈ ఒక్కసారికీ" అన్నాడు మరిది, ఎందుకైనా మంచిదని రెండడుగులు దూరంగా నిలబడి.

పౌడరక్క ఒప్పుకుంది. కానీ తన నోటి మీద తనకే నమ్మకం లేదు. హాలు గుమ్మం దగ్గర సంచీ తెరిచి, జుట్టుకి పెట్టే పిన్నులు గుప్పెడు తీసి పెదవుల మధ్య బిగించింది. జడలు వేసేటప్పుడు పార్లర్‌వాళ్ళంతా చేసే పనే. నోట్లో పిన్నులుంటే బ్రహ్మాండం బద్దలైనా మాట బయటికి రాదు.

వాళ్ళ వంతు వచ్చింది. డాక్టరమ్మ కూడా వచ్చి గోడవారగా నిలబడింది. కవలల తల్లి లేచి రెండు ముక్కల్లో చెప్పింది. కమిషనరు చెడ్డవాడేం కాదు. పొద్దుటినుంచీ వినీ వినీ చెవులు బరువెక్కిన పెద్దమనిషి.

"కార్డు ఉంది కదమ్మా. సర్కారు ప్రతి పిల్లకీ డబ్బు కడుతోంది."

మేనేజరు ముందుకి వంగాడు. "చాలావరకు ఇస్తున్నాం సార్. కొన్ని మాత్రం ఒప్పందంలో లేవు. ఉదాహరణకి ఈ పాప. పాప పెద్దమ్మే స్వయంగా చెప్పారు, ఇది అందం కోసమని, సినిమావాళ్ళు వస్తారని. ఆవిడ ఇక్కడే ఉన్నారనుకుంటాను."

హాలంతా గొల్లుమంది. తలలన్నీ పౌడరక్క వైపు తిరిగాయి. ఆవిడ మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. నోట్లో పిన్నులు, కళ్ళల్లో పిడుగులు. ఊపిరి పీలుస్తుంటే పిన్నులు టకటక కొట్టుకున్నాయి. కానీ పెదవులు విడివడలేదు. ఆ క్షణంలో ఆవిడ మింగిన మాటలు పోగేస్తే రెండు సంతలకి సరిపోతాయి.

అప్పుడు చెల్లెలు లేచింది. రోజుకి పది మాటలు కూడా వాడని మనిషి తిన్నగా వేదిక ఎక్కింది. బుడగని కమిషనరు ఒళ్ళో పెట్టింది. పాలసీసా చేతికిచ్చింది.

"పట్టండి సార్."

"నేనా?"

"మీకు మనవలున్నారా?"

"ఉన్నారు."

"అయితే వచ్చు కదా. పట్టండి."

ఆయన తెల్లబోయాడు. కానీ ఒళ్ళో పిల్ల, చేతిలో సీసా. మనవల్ని ఎత్తుకున్న అలవాటు చేతులకి గుర్తొచ్చింది కాబోలు, పిల్లని వాటంగా పడుకోబెట్టుకుని సీసా అందించాడు. బుడగ రెండు గుక్కలు తాగింది. మూడో గుక్కకి ముక్కు రెండు రంధ్రాల్లోంచీ పాలు బుడగలై ఉబికాయి. పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గి, ఒక్క తుమ్ము తుమ్మింది. ఆ తుమ్ముతో కమిషనరు చొక్కా, కళ్ళజోడు, బల్ల మీద కాగితాలు, మేనేజరు టై అన్నీ పాలమయం.

"అయ్యో, అయ్యో, ఊపిరాడట్లేదు దీనికి!" ఆయన సీసా వదిలేసి పిల్లని నిలువుగా ఎత్తేశాడు.

"భయపడకండి సార్" అంది చెల్లెలు, పిల్ల వీపు నిమురుతూ. "రోజూ ఇంతే. ప్రతి పూటా ఇంతే."

హాల్లో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కమిషనరు కళ్ళజోడు తీసి పాలు తుడుచుకున్నాడు. బుడగ ఆయన వేలు పట్టుకుని నమలడం మొదలుపెట్టింది.

"ఇది మన ఆసుపత్రిలో ఎందుకు చెయ్యట్లేదు?" అన్నాడు.

"గదికి తాళం వేశారు సార్" అంది గోడవార నుంచి డాక్టరమ్మ.

"ఎవరు వేశారు?"

"మీరే సార్."

మేనేజరు తెలివైనవాడు. టై తుడుచుకుంటూనే గాలి ఎటు మళ్ళుతోందో పసిగట్టాడు. కమిషనరు చెవిలో ఏదో చెప్పి లేచి నిలబడ్డాడు. "ఈ పాప విషయంలో కంపెనీ ప్రత్యేకంగా నిర్ణయం తీసుకుంటోంది. వచ్చే వారమే పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేయిస్తాం. పత్రికలవాళ్ళని కూడా పిలుద్దాం. పాప పెద్దమ్మగారు కూడా ఫోటోలో ఉండాలి."

మరిది మొహం చింకి చేటంతయింది. పౌడరక్క పెదవుల మధ్య పిన్నులు కదిలాయి. వచ్చే వారమే! పిల్ల నోరు మూసుకుంటుంది. తప్పు తుడిచిపెట్టుకుపోతుంది. పైగా పత్రికలో ఫోటో! ఆ ఫోటో గోడ మీద ఎక్కడ కొట్టాలో కూడా ఆవిడ కళ్ళకి కనిపించింది. కానీ ముందు వరసలో కవలల తల్లి కూచుని ఉంది. ఆవిడ జడ పౌడరక్క వేసిందే. ఆవిడ ఒళ్ళో ఇద్దరు పిల్లల్నీ మార్చి మార్చి చూసుకుని తల దించుకుంది.

కాదంటే? తాళం తియ్యకపోతే? అప్పుడు బుడగ గతేంటి? పౌడరక్క చెల్లెలి వైపు చూసింది. అది చెల్లెలి బిడ్డ. మాట చెల్లెలిదే కావాలి.

చెల్లెలు కూడా కవలల్నే చూస్తోంది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"ఇప్పుడు తెరువక్కా నోరు" అంది.

పౌడరక్క పిన్నులు ఒక్కొక్కటే తీసి సంచీలో వేసుకుంది. గొంతు సవరించుకుంది. వీధి వీధంతా అక్కడుంటే, ఇక కేకలే అనుకుని చెవులు మూసుకునేదే. కానీ ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మేనేజరు బాబూ, మీకు దండం. మీ మనసు మంచిదే. దర్జీ కొడుకు బతికింది మీ వల్లే. కానీ మీరిచ్చేది మీకు ఇష్టమైతే ఇస్తారు. నేనొక పిచ్చి మాటన్నానని మానేశారు, చొక్కా తడిసిందని మళ్ళీ ఇస్తామంటున్నారు. తప్పు మీది కాదు, అది మీ వ్యాపారం. అదిగో, ఆ పెద్దాయన అలా కాదు. ఆయన ఇష్టమున్నా లేకపోయినా ఇవ్వాలి. నేను వాగినా ఇవ్వాలి, ఊరుకున్నా ఇవ్వాలి. అందుకే ఆయన్ని అడుగుతున్నాం." కమిషనరు వైపు తిరిగింది. "సార్, ఆ తాళం తీయించండి. మా పిల్ల ఒక్కదానికే కాదు, వీళ్ళందరికీ. తీయకపోతే వచ్చే వారం మళ్ళీ వస్తాం. ఇన్ని సీసాలతో వస్తాం. మీరు రెండు చొక్కాలు తెచ్చుకోండి."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. పౌడరక్క కథనం ప్రకారం ముందు బల్ల నవ్వింది. కమిషనరు మాత్రం నవ్వుతూనే, బుడగని దించకుండానే, ఫోన్ అందుకున్నాడు. మత్తు డాక్టర్ని తిరిగి పంపమన్నాడు. పక్కన రాసుకునే గుమాస్తాతో, "కార్డు ఉంటుంది. కార్డు కాదన్న ఏ పిల్లనైనా ఆ గదిలో చూడాలి. అది రాయి. ముందు అది రాయి" అన్నాడు.

తల్లులు చప్పట్లు కొట్టలేదు. కొట్టడానికి చేతులు ఖాళీ లేవు, అందరి చేతుల్లోనూ పిల్లలే. పిల్లలు మాత్రం ఒక్కసారిగా ఏడుపందుకున్నారు. ఆ హాలు అంతకు ముందూ ఆ తర్వాతా అంత సంబరం చూడలేదు.

*

ఆపరేషన్ గదిలోంచి అట్టపెట్టెలు దించడానికి మరిది తన లారీల జట్టు మొత్తాన్ని తీసుకొచ్చాడు. ఆ కరపత్రాలు ఓ కట్ట పౌడరక్క ఇంటికి తెచ్చుకుంది. అద్దాలు తుడవడానికి అంత మంచి కాగితం దొరకదట. ఊడ్చి, కడిగి, దీపం వెలిగించి చూశాక మొదటి ఆపరేషన్ కవలలది. తర్వాత బుడగది.

బుడగని లోపలికి తీసుకెళ్ళిన పొద్దుట అక్కచెల్లెళ్ళు వరండాలో కూచున్నారు. పౌడరక్క చెల్లెలి జడ విప్పి వేసింది. మళ్ళీ విప్పి మళ్ళీ వేసింది. నోట్లో పిన్నుల్లేకపోయినా మాట్లాడలేదు. చెల్లెలే మాట్లాడింది. ఫ్యాక్టరీలో విరిగిన బిస్కెట్ల గురించి, అద్దె గది కిటికీ గురించి, బుడగకి బడికి వెళ్ళే వయసొచ్చాక కొనాల్సిన బూట్ల గురించి, గుక్క తిప్పుకోకుండా. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది.

"మూశాను. బాగా వచ్చింది" అంది.

తన పనిని తాను పొగుడుకోని మనిషి అంతకంటే చెప్పదు. మరిది అక్కడే నేల మీద చతికిలబడి భోరుమన్నాడు. లారీలోంచి బస్తా పడ్డట్టు పడ్డాడని పౌడరక్క తర్వాత ఊరంతా చెప్పుకుంది.

ఊరంతా చెప్పుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి. కమిషనరు చొక్కాని ఉతికితే చాకలి బట్టలన్నీ పాలవాసన కొట్టాయట. ఆపరేషన్ మధ్యలో డాక్టరమ్మ బయటికొచ్చి, "ఏమండీ, ఇక్కడ కుట్టు ఇలా వేస్తే బాగుంటుందా?" అని తననే అడిగిందట. పార్లర్‌కి వచ్చినవాళ్ళు సగం నమ్మి వెళ్ళేవాళ్ళు. గోడ మీద పాత ఫోటోలు మాత్రం తీసేసింది. ఎవరైనా అందం మాటెత్తి బుడగని మెచ్చుకుంటే, "అందం సంగతి నేను చూసుకుంటాను. దాని గాలి ఇప్పుడు నోట్లో నిలబడుతోంది, అది చెప్పండి" అనేది.

నాలుగు నెలలు గడిచాయి. బుడగ నోట్లోంచి శబ్దాలు వస్తున్నాయి కానీ మాటలుగా కుదరట్లేదు. ఓపిక పట్టమంది డాక్టరమ్మ. ఓపిక పట్టడం పౌడరక్క చేతకాని పనుల్లో మొదటిది. పొద్దున లేస్తే పిల్లని ఒరిగే కుర్చీలో కూచోబెట్టి, ఎదుట మొహం పెట్టి, "అను, ప! అను, బ! అను, పెద్దమ్మ!" అంటూ ఊదరగొట్టేది. కుర్చీలోకి వచ్చినవాళ్ళు నిలబడే కనుబొమలు తీయించుకుని వెళ్ళాల్సొచ్చేది.

ఓ మధ్యాహ్నం పార్లర్ నిండా జనం. దర్జీ భార్య, మేస్త్రీ భార్య, ఇంకా ఎవరెవరో. బుడగ కిందకూచుని ఖాళీ క్రీము డబ్బాలతో ఆడుకుంటోంది. పౌడరక్క వంగి, వందోసారి, "అను తల్లీ, ప! ప! పాలు! పాప! పలక! ప..." అంటూ డబ్బా లాక్కుంది.

బుడగ తలెత్తింది. కనుబొమలు ముడేసింది. రెండు పెదవులూ గట్టిగా కలిపి, బుగ్గల నిండా గాలి నింపి, ఆ గాలిని ఒక్క పిసరు కూడా ముక్కులోంచి పోనివ్వకుండా బిగబట్టి, పెద్దమ్మ మొహం మీద పేల్చింది.

"పో!"

వెనకగదిలోంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏమంది?" అన్నాడు గోడ అవతల నుంచి దర్జీ.

పౌడరక్క కళ్ళల్లో నీళ్ళు బొటబొటా రాలుతున్నాయి. పిల్లనెత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. "నన్ను పొమ్మందయ్యా! వినండి, అందరూ వినండి, నన్ను పొమ్మంది! మళ్ళీ అనవే నా తల్లీ, అందరికీ వినపడేలా అను!"

బుడగకి మళ్ళీ మళ్ళీ అనడానికి అభ్యంతరమేమీ కనిపించలేదు.